నమోదు నుంచి నిర్ణయం దాకా: భారతీయ సంస్థల్లో బిగ్ డేటా

ఒక సంస్థ బిగ్ డేటాను అందిపుచ్చుకుందని ఎప్పుడు చెప్పాలి? సర్వర్లు కొన్నప్పుడా, డ్యాష్‌బోర్డుకు ప్రారంభోత్సవం జరిగినప్పుడా, లేక ఆ డేటా చూశాక నిన్నటి వరకు తీసుకుంటూ వచ్చిన నిర్ణయం ఒక్కటైనా మారినప్పుడా? మొదటి రెండింటికీ తేదీలుంటాయి, ఖర్చు లెక్కలుంటాయి, ఫొటోలుంటాయి. మూడోది బయటికి కనిపించదు. భారతదేశం వంటి వర్ధమాన దేశంలో ఈ అంశంపై జరిగే చర్చ ఎక్కువగా మొదటి రెండింటి చుట్టూనే తిరుగుతుంది. అందుకే సాంకేతికత కొరత, నిధుల కొరత, నిపుణుల కొరత అనే మూడు కారణాలే పదేపదే వినిపిస్తాయి. ఆ మూడూ నిజమే. అయితే తెలుగు రాష్ట్రాల్లోనూ దేశంలోనూ గత పదిహేనేళ్ల అనుభవాన్ని పరిశీలిస్తే, అసలు చిక్కు వీటికి రెండు కొసలా ఉన్నట్టు తెలుస్తుంది. ఒకటి, డేటా మొదటిసారి నమోదయ్యే చోటు. రెండోది, ఆ నమోదు తప్పని తేలినప్పుడు దాన్ని దిద్దే దారి.

బిగ్ డేటా అంటే పెద్ద పట్టిక మాత్రమే కాదు. 2001లో డగ్ లేనీ అనే విశ్లేషకుడు చెప్పిన మూడు లక్షణాలు, అంటే పరిమాణం, వేగం, వైవిధ్యం, ఇప్పటికీ ఈ మాటకు ఆధారంగా ఉన్నాయి. ఒక యంత్రంలో పట్టనంత డేటా ఉండటం, అది ఆగకుండా వచ్చిపడుతూ ఉండటం, అంకెలతో పాటు ఫొటోలు, వేలిముద్రలు, ఉపగ్రహ చిత్రాలు, మాటలు కలగలిసి ఉండటం: ఈ మూడూ ఒకేసారి ఎదురైతే పాత పద్ధతిలో నడిచే కంప్యూటర్ విభాగం చేతులెత్తేస్తుంది. అయితే దీనికి సాంకేతిక పరిష్కారం దొరికి చాలా కాలమైంది. 2006లో హడూప్ ఉచిత సాఫ్ట్‌వేర్‌గా వచ్చాక, మామూలు కంప్యూటర్లను వందల సంఖ్యలో కలిపి ఒకే పనిని వాటన్నిటికీ పంచి చేయించడం చిన్న సంస్థలకూ సాధ్యమైంది. 2016లో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాన్ని ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో తెరిచాక సొంత యంత్రాలు కూడా అక్కర్లేకపోయింది, గంటల లెక్కన అద్దె చెల్లిస్తే చాలు. 2025 అక్టోబరులో విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రం నిర్మిస్తామని గూగుల్ ప్రకటించింది. ఇలాంటి ప్రకటన వెలువడిన ప్రతిసారీ రాష్ట్రం డేటా యుగంలోకి అడుగుపెట్టిందని సంబరపడటం మామూలే. కానీ ఊళ్లో చెరువు ఉన్నంత మాత్రాన చివరి మడి తడవదు. డేటా కేంద్రం ఒక నగరంలో ఉండటానికీ, ఆ నగరంలోని సంస్థలు తమ డేటాతో నిర్ణయాలు తీసుకోవడానికీ నేరుగా సంబంధం లేదు.

దారి వేసింది ప్రభుత్వం

సంపన్న దేశాల్లో బిగ్ డేటా వాడకానికి ఊపునిచ్చినవి ఇంటర్నెట్ కంపెనీలు, సూపర్‌మార్కెట్ల వంటి ప్రైవేటు సంస్థలు. భారతదేశంలో దారి వేసింది ప్రధానంగా ప్రభుత్వం. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యలు ఇచ్చినప్పటి నుంచి ఈ కథ మొదలవుతుంది. ఆధార్‌లో ఒకే మనిషి రెండుసార్లు చేరకుండా చూడాలంటే, కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరి వేలిముద్రలనూ కనుపాపలనూ అప్పటికే చేరిన వారందరి వివరాలతో పోల్చాలి. యాభై కోట్ల మంది చేరిన దశలో రోజుకు పది లక్షల మంది కొత్తవారు వస్తే, ఆ ఒక్క రోజు పోలికల సంఖ్య 500 లక్షల కోట్లు అవుతుంది. ప్రభుత్వ రంగంలో అంతకు ముందు ఇంతటి లెక్క ఎవరికీ ఎదురుకాలేదు. ఆ ఇబ్బంది నుంచే హడూప్ వంటి పరికరాలు ప్రభుత్వ వ్యవస్థలోకి వచ్చాయి.

2016 ఏప్రిల్‌లో యూపీఐ, అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చాయి. మొబైల్ డేటా ధర ఒక్కసారిగా పడిపోవడంతో కూరగాయల బండి దగ్గర జరిగే లావాదేవీకి కూడా ఒక రికార్డు పుట్టడం మొదలైంది. 2023 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు తొలిసారి ఒకే నెలలో వెయ్యి కోట్లు దాటాయి. ఈ లావాదేవీల్లో ఏవి అసలైనవో ఏవి మోసమో క్షణాల్లో తేల్చాల్సిన అవసరం బ్యాంకులను బలవంతంగానైనా డేటా విశ్లేషణ వైపు నెట్టింది. చెల్లింపుల డేటాను దేశంలోనే నిలవ చేయాలని 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఆదేశించడంతో ఆ మౌలిక వసతి ఇక్కడే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. బ్యాంకులు, టెలికాం సంస్థలు, ఈ-కామర్స్ కంపెనీలు ఏ దేశంలో ఉన్నా ఇంచుమించు ఒకే తీరుగా డేటాను వాడతాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనవసరం లేదు. ఈ దేశానికి ప్రత్యేకమైనది జీఎస్టీ కథ.

2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చినప్పుడు, అమ్మినవారు చూపిన బిల్లునూ కొన్నవారు అడిగే పన్ను మినహాయింపునూ యంత్రమే సరిపోల్చాలన్నది అందులోని మూల ఆలోచన. మొదటి రెండు మూడేళ్లు ఆ సరిపోలిక అనుకున్నట్టు జరగలేదు. పోర్టల్ మొరాయించడం, గడువులు పొడిగించడం పత్రికల్లో రోజువారీ వార్తలయ్యాయి. అయితే అంతర్రాష్ట్ర రవాణాకు ఈ-వే బిల్లు 2018 ఏప్రిల్ నుంచి, 500 కోట్ల పైబడిన వ్యాపారాలకు ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరు నుంచి తప్పనిసరి అయ్యాయి. ఈ-ఇన్‌వాయిస్ పరిమితి మెట్టుమెట్టుగా దిగి 2023 ఆగస్టు నాటికి ఐదు కోట్లకు చేరింది. 2022 జనవరి నుంచి, అమ్మినవారు పోర్టల్‌లో చూపించిన బిల్లులకే కొన్నవారికి మినహాయింపు దక్కుతోంది. ఈ ఒక్క నిబంధన చేసిన పని వంద అవగాహన సదస్సులు కూడా చేయలేవు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి కంప్యూటర్‌లో లెక్కలు రాయడానికి కారణం బిగ్ డేటా మీద మోజు కాదు, పోర్టల్‌లో బిల్లు కనిపిస్తేనే డబ్బు పంపుతానని కొనుగోలుదారు పట్టుబట్టడమే.

ఇలా పోగైన డేటా పన్ను శాఖ చేతికి కొత్త చూపునిచ్చింది. సరుకు కదలకుండా బిల్లులు మాత్రమే నాలుగైదు సంస్థల మధ్య గుండ్రంగా తిరిగి మొదటి చోటికే రావడం పాత మోసం. ఒక్కొక్క సంస్థ లెక్కలు విడివిడిగా చూస్తే అందులో తప్పేమీ కనిపించదు. అందరి బిల్లులనూ ఒక వలలా గీసి చూస్తేనే ఆ వలయం బయటపడుతుంది. టన్నుల కొద్దీ ఇనుము మోసినట్టు ఈ-వే బిల్లులో చూపిన బండి, రవాణా శాఖ రికార్డులతో పోల్చినప్పుడు స్కూటరని తేలడం కూడా ఇలాంటిదే. ఇక్కడ డేటా నిజంగా నిర్ణయాన్ని మార్చింది: ఎవరిని తనిఖీ చేయాలో ఇప్పుడు అధికారి ఊహ కాకుండా జాబితా చెబుతోంది.

అయితే ఈ ప్రవాహం ఒక వైపుకే సాగుతోందన్నది గమనించాలి. జాతీయ నమూనా సర్వే 2015-16 లెక్క ప్రకారం దేశంలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు సుమారు 6.34 కోట్లు, వాటిలో 99 శాతానికి పైగా సూక్ష్మ సంస్థలే. అలాంటి ఒక చిన్న దుకాణదారు అమ్మకాల డేటా పన్ను శాఖ దగ్గర ఉంది, బ్యాంకు దగ్గర ఉంది, గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ తాలూకు కంపెనీ దగ్గర ఉంది. ఏ సరుకు ఏ నెలలో ఎంత పోతుందో తెలుసుకోవడానికి ఆయన దగ్గర మాత్రం పాత చిట్టా పుస్తకమే ఉంది. డేటాను పుట్టించేవారు ఒకరు, దాన్ని చదువుకునేవారు మరొకరు. 2021 సెప్టెంబరులో మొదలైన అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ ఈ అసమానతను కొంత సరిచేసే ప్రయత్నం. ఖాతాదారు అనుమతిస్తే తన బ్యాంకు వివరాలు నేరుగా అప్పిచ్చే సంస్థకు చేరతాయి, పొలం పత్రాలో బంగారమో తాకట్టు పెట్టలేని వ్యాపారి తన రోజువారీ రాబడినే ఆధారంగా చూపి అప్పు అడగవచ్చు. ఆలోచన మంచిదే. కానీ అక్కడ కూడా విశ్లేషణ చేసేది అప్పిచ్చేవారే, వ్యాపారి కాదు.

ఒకే లక్ష్మి, నాలుగు పేర్లు

బిగ్ డేటాలో అన్నిటికంటే కష్టమైన పని లెక్కగట్టడం అనుకుంటారు. నిజానికి అంతకంటే కష్టమైనది వేర్వేరు శాఖల పట్టికల్లో ఉన్న రెండు వరుసలు ఒకే మనిషివా కావా అని తేల్చడం. తెలుగునాట ఈ పని మరింత జటిలం. రేషన్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలే ఉండదు. ఒక చోట లక్ష్మి, మరో చోట లక్ష్మమ్మ, ఇంకో చోట వెంకటలక్ష్మి. ఇవి తెలుగు లిపిలో ఉంటే కొంత నయం, కానీ పట్టికలు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. లక్ష్మిలోని ‘క్ష’ను మూడు అక్షరాలతో రాసే గుమస్తా ఒకరైతే, ‘ఎక్స్’ ఒక్కటే రాసి ఊరుకునేవారు మరొకరు. పెళ్లయ్యాక ఇంటిపేరు కొందరికి మారుతుంది, కొందరికి కొన్ని పత్రాల్లోనే మారుతుంది. పుట్టినతేదీ తెలియనివారు వయసు మాత్రమే చెబితే ఆధార్‌లో ఆ ఏడాది జనవరి 1 నమోదైంది. అందువల్ల ఒకే ఊళ్లో, ఒకే పేరుతో, ఒకే పుట్టినతేదీతో వేర్వేరు మనుషులు కనిపించడం వింతేమీ కాదు. ఇక జనాభా లెక్కల్లో వయసులు సున్నాతోనో ఐదుతోనో ముగియడం ఈ రంగంలోని వారందరికీ తెలిసిన పాత సంగతే.

తెలంగాణలోని సమగ్ర వేదిక ఈ చిక్కుకు అద్దం పడుతుంది. 2014 ఆగస్టు 19న ఒకే రోజు జరిగిన సమగ్ర కుటుంబ సర్వే తర్వాత, వివిధ శాఖల డేటాబేస్‌లను కలిపి ఒక్కో కుటుంబానికి సంబంధించిన సమాచారమంతా ఒక్కచోట చూపే వ్యవస్థను రాష్ట్రం సిద్ధం చేసుకుంది. పేర్లు, చిరునామాలు అచ్చంగా సరిపోలకపోయినా దగ్గరగా ఉంటే రెండు రికార్డులూ ఒకరివే కావచ్చని ఊహించి జోడించడం ఇందులోని సాఫ్ట్‌వేర్ చేసే పని. ఒక దరఖాస్తుదారుకు కారు ఉందా, ఇల్లు ఉందా, ప్రభుత్వ ఉద్యోగం ఉందా అని తేల్చి, సంక్షేమ పథకానికి అర్హత ఉందో లేదో సూచిస్తుంది. సాంకేతికంగా దీన్ని సామాన్యమైన పనిగా కొట్టిపారేయలేం. ఒక వర్ధమాన దేశంలోని రాష్ట్ర ప్రభుత్వం, స్థానిక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో, ఇంత విస్తారంగా డేటాను జోడించడం విశేషమే.

కానీ ఫలితం కార్డు పట్టుకున్నవారి మీద పడింది. 2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. 2016 తర్వాత రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం తర్వాత వచ్చిన దరఖాస్తుల్లో 2022 జులై నాటికి పరిశీలించిన 2,05,734లో 15,471 అర్హమైనవని తేలింది, అంటే సుమారు ఏడున్నర శాతం. ఈ అంకెను రెండు విధాలుగా చదవవచ్చు. తొంభై రెండు శాతం తిరస్కరణలు సరైనవే కదా అని యంత్రాంగం అనవచ్చు. కానీ రిక్షా తొక్కే మనిషి పేరు ఎవరో కారు యజమాని పేరుతో కలిసిపోవడం వల్ల బియ్యం ఆగిపోయిన ఇంటికి ఆ తొంభై రెండు శాతంతో పనిలేదు. యంత్రం వందకు ఒక్కటి తప్పు చేసినా కోటి రికార్డుల్లో లక్ష తప్పులవుతాయి. గుమస్తా చేసే తప్పు ఒక ఊరికి పరిమితమవుతుంది, సాఫ్ట్‌వేర్ చేసే తప్పు ఒకే రోజు రాష్ట్రమంతా పాకుతుంది.

దీని వెనుక మరో కారణం కూడా ఉంది, అది సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినది కాదు. 2013 ఆహార భద్రత చట్టం కింద కేంద్రం ఇచ్చే కోటా 2011 జనాభా లెక్కల మీద ఆధారపడి ఉంది. దేశం మొత్తానికి ఆ పరిమితి 81.35 కోట్ల మంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో ఆ పరిమితి అక్కడే నిలిచిపోయింది. కొత్తవారిని చేర్చాలంటే పాతవారిని తీసేయక తప్పని స్థితిలో, తీసేయడానికి పనికొచ్చే పరికరమే ముందుగా వాడకంలోకి వస్తుంది. ఇదే పరికరాన్ని తిప్పి వాడి, అర్హత ఉండి కూడా పింఛను అడగని వారి జాబితా తయారు చేయవచ్చు. అలా చేయాలన్న ఒత్తిడి మాత్రం ఖజానా వైపు నుంచి రాదు.

తెలంగాణ భూ రికార్డుల కోసం వచ్చిన ధరణి పోర్టల్ అనుభవం కూడా ఇదే సంగతి చెబుతుంది. 2020 అక్టోబరు 29న అమల్లోకి వచ్చిన ఈ వ్యవస్థలో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే చోట, ఒకే పూట పూర్తయ్యే ఏర్పాటు జరిగింది. పహాణీ నకలు కోసం రోజుల తరబడి తిరిగినవారికి అది చిన్న సౌకర్యం కాదు. అయితే అదే ఏడాది వచ్చిన చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసి, కింది స్థాయి అధికారులు తప్పులు దిద్దే అధికారాన్ని తీసేసింది. విస్తీర్ణంలో గుంటలు తగ్గినా, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కినా, తహసీల్దారు చూసి ఒప్పుకుని కూడా ఏమీ చేయలేని పరిస్థితి వచ్చింది. లోపం డేటా పరిమాణంలోనో పోర్టల్ వేగంలోనో లేదు. పాత కాగితాల్లోని తప్పులన్నీ యథాతథంగా తెరమీదికి వచ్చాయి, దిద్దే చేయి మాత్రం మాయమైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చినప్పుడు కొత్త చట్టం ప్రధానంగా తిరిగి తెచ్చినది కూడా ఆర్డీవో, కలెక్టర్ స్థాయిలో అప్పీలు చేసుకునే వీలునే.

చదివి వినిపించిన డేటా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు భిన్నమైన ప్రయోగం ఒకటి జరిగింది, ఈ చర్చల్లో దాన్ని గుర్తుచేసేవారు తక్కువ. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు కూలీల హాజరు రాసే మస్టరు నుంచి కూలి చెల్లింపు దాకా మొత్తం ప్రక్రియను రాష్ట్రం కంప్యూటరీకరించింది. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కొలత పడింది, ఎంత చెల్లించారు అన్నది ప్రతి కూలీకి విడివిడిగా రికార్డయింది. అక్కడితో ఆగకుండా సామాజిక తనిఖీని వ్యవస్థీకరించి, 2009లో దానికోసమే ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేసింది. కంప్యూటర్ నుంచి తీసిన లెక్కలను ఊళ్లోకి తీసుకెళ్లి, ఇంటింటికీ తిరిగి సరిచూసి, గ్రామసభలో పేరుపేరునా చదివి, ఆపైన మండల స్థాయి బహిరంగ విచారణలో అధికారుల ముందు పెట్టేవారు. పనికి రాని మనిషి పేరు మస్టరులో ఉంటే, చనిపోయినవారి పేరు మీద కూలి పడితే, అది పదిమందిలో బయటపడేది. అక్రమాలన్నీ ఆగిపోయాయని కాదు, తేల్చిన సొమ్మంతా రికవరీ అయిందనీ కాదు. కానీ డేటా ఎవరి గురించినదో వారి చెవిన పడటం వల్ల దాని నాణ్యత మెరుగుపడే దారి ఒకటి ఏర్పడింది. డేటా శుద్ధి అని నిపుణులు పిలిచే పనిని రచ్చబండ దగ్గర మనుషులే చేశారు.

నమోదు చేసేవారికే ఆ డేటాతో పనిపడటం ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మంచి ఉదాహరణ. 1987లో హైదరాబాద్‌లో ప్రారంభమైన ఈ సంస్థ, 2010 తర్వాత తన వైద్యులూ సాంకేతిక సిబ్బందీ కలిసి రూపొందించుకున్న ‘ఐస్మార్ట్’ అనే ఎలక్ట్రానిక్ రికార్డు వ్యవస్థను ప్రధాన ఆసుపత్రి నుంచి గ్రామీణ కేంద్రాల దాకా విస్తరించింది. ఇక్కడ రోగి వివరాలు రాసే వైద్యుడే తర్వాతి సందర్శనలో వాటిని చదువుతాడు. తప్పు రాస్తే ఇబ్బంది పడేది ఆయనే. లక్షల మంది రోగుల రికార్డులతో ఆ సంస్థ పరిశోధన పత్రాలు వెలువరించగలగడానికీ, కంటి జబ్బుల అంచనాలో యంత్ర విశ్లేషణ వాడేందుకు 2016లో మైక్రోసాఫ్ట్‌తో అంతర్జాతీయ కూటమి కట్టగలగడానికీ పునాది ఆ క్రమశిక్షణే. విశ్లేషణ పరికరం చివర్లో వచ్చింది. అంతకు ముందు ఏళ్ల తరబడి జరిగింది సరిగ్గా రాసుకోవడమే.

అంగన్‌వాడీ కార్యకర్త పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2021 మార్చిలో కేంద్రం ప్రవేశపెట్టిన పోషణ్ ట్రాకర్ అనే మొబైల్ యాప్‌లో ఆమె పిల్లల ఎత్తు, బరువు, హాజరు నమోదు చేయాలి, చాలా చోట్ల పాత రిజిస్టర్లూ కొనసాగించాలి. నెట్‌వర్క్ రాని ఊళ్లో ఆ పని రాత్రి ఇంటికి వెళ్లాక మిగులుతుంది. ఆమె రాసినది పైకి వెళ్తుంది. ఈ బిడ్డ బరువు మూడు నెలలుగా ఎందుకు పెరగడం లేదో చూడండని కింది దాకా దిగివచ్చే సూచనలు తక్కువ, నమోదు శాతం తగ్గిందన్న హెచ్చరికలు ఎక్కువ. అలాంటి చోట అంకె తెచ్చిపెట్టిన అలసటే మిగులుతుంది. ఆ అలసటతో నింపిన గడుల మీద ఎంత గొప్ప గణిత నమూనా కట్టినా అది గడి నింపే అలవాటునే కొలుస్తుంది తప్ప పిల్లల ఆరోగ్యాన్ని కాదు. గ్రామ సచివాలయ సిబ్బంది, ఏఎన్‌ఎంలు, ఉపాధ్యాయులు కూడా ఇలాంటి సమస్యే ఎదుర్కొంటున్నారు. బడి మానేసే అవకాశమున్న పిల్లలను ముందుగా గుర్తించేందుకు ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ క్లౌడ్ విశ్లేషణను వాడినప్పుడు, ఒక్క విశాఖపట్నం జిల్లాలోనే 2018-19కి దాదాపు 19,500 మంది జాబితా తయారైంది. జాబితా నిమిషాల్లో వస్తుంది, కానీ ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి మాట్లాడాల్సింది మళ్లీ అదే ఉపాధ్యాయుడే.

కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016 ఖరీఫ్‌లో జరిగిన ప్రయోగం కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ముప్పై ఏళ్ల వాతావరణ రికార్డులను, నేలలో తేమ లెక్కలను, ఆ ఏటి అంచనాలను జోడించి వేరుశనగ విత్తడానికి అనువైన వారాన్ని లెక్కగట్టాయి. ఏరువాక సాగగానే జూన్ మొదట్లో విత్తనం వేయడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడు జూన్ చివరి వారం దాకా ఆగమని 175 మంది రైతులకు తెలుగులో సంక్షిప్త సందేశం వెళ్లింది. వారి దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని నిర్వాహకులు ప్రకటించారు, మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో మూడు వేలకు పైగా రైతులకు విస్తరించారు. ఒక్క పంటకాలంలో, కొద్దిమంది మీద, నిర్వాహకులే చెప్పిన అంకె కాబట్టి దాన్ని కొంత తగ్గించి చూడటం న్యాయం. అయితే రూపకల్పనలోని తెలివి మాత్రం కాదనలేనిది. సంక్లిష్టత అంతా పై స్థాయిలో ఉంది, రైతు దగ్గరికి వచ్చేసరికి మామూలు ఫోన్‌లో చదువుకునే రెండు వాక్యాలే మిగిలాయి. రైతును ఏ గడీ నింపమనలేదు. పైగా ఆ సందేశం తప్పయితే తెలిసేది కూడా ముందుగా రైతుకే, నమ్మకపోతే తన పద్ధతిలోనే విత్తుకునే స్వేచ్ఛ ఆయనకుంది. రేషన్ కార్డుదారుకు లేనిది అదే.

నిపుణుల కొరత గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో విదేశీ బ్యాంకులు, ఔషధ కంపెనీలు, రిటైల్ సంస్థల డేటాను విశ్లేషించే ఇంజనీర్లు వేల సంఖ్యలో ఉన్నారు. అంటే దేశంలో నైపుణ్యం లేదనడం సరికాదు, అది ఎగుమతి రంగంలో ఉంది. ఆ కంపెనీలిచ్చే జీతంలో చిన్న వంతు కూడా మున్సిపాలిటీయో జిల్లా సహకార బ్యాంకో ఇవ్వలేదు. ఫలితంగా ప్రభుత్వ సంస్థల్లో డేటా పని అంతా టెండరు ద్వారా బయటి కంపెనీకి వెళ్తుంది, కాంట్రాక్టు ముగిశాక ఆ పట్టికల అర్థం తెలిసిన మనిషి లోపల మిగలడు. శ్రద్ధ ఉన్న ఒక అధికారి బదిలీ అయితే ఆయన కట్టించిన డ్యాష్‌బోర్డు తెరిచేవారు ఉండకపోవడం జిల్లా కార్యాలయాలతో పరిచయం ఉన్నవారికి కొత్త కాదు. ఇంకో పక్క, రైతుకు అప్పూ ఎరువూ ఇచ్చే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో లెక్కలు చాలావరకు చేతిరాతలోనే సాగుతుండటంతో, 63,000 సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం ఆమోదించింది 2022 జూన్‌లోనే. ఒకే దేశంలో, కొన్నిసార్లు ఒకే జిల్లాలో, ఈ రెండు కాలాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

చట్టం వైపు నుంచి దిద్దుబాటు దారి ఏ మేరకు తెరుచుకుంటుందన్నది ఇప్పుడు చూడాల్సిన విషయం. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. సంస్థలపై 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలుండటం ప్రైవేటు కంపెనీలను కదిలిస్తుంది. కానీ చట్టంలోని సవరణ హక్కు ప్రధానంగా మనిషి సమ్మతితో ఇచ్చిన డేటాకు సంబంధించినది. సబ్సిడీలు, సంక్షేమ పథకాల కోసం ప్రభుత్వం తన దగ్గరున్న డేటాబేస్‌లలోని వివరాలను కొత్తగా సమ్మతి అడగకుండానే వాడుకోవడానికి అదే చట్టం అవకాశమిచ్చింది. డేటా కచ్చితంగా, సంపూర్ణంగా ఉండేలా సముచిత ప్రయత్నం చేయాలని నియమాలు చెబుతున్నాయి. కార్డు రద్దయ్యే ముందు ఆ ఇంటికి నోటీసు అందాలా, ఏ రికార్డుతో జోడించారో చూపాలా, ఎన్ని రోజుల్లో సరిచేయాలి అన్నవి మాత్రం ఒక్కో రాష్ట్రం, ఒక్కో శాఖ తేల్చుకోవాల్సిన సంగతులుగానే మిగిలాయి.

ఆ పద్దెనిమిది నెలల గడువు 2027 మే నెలలో ముగుస్తుంది. దానికి రెండు నెలల ముందు, 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకుని, దేశంలో తొలిసారి మొబైల్ ఫోన్లలో నమోదు చేసే జనగణన పూర్తి కావాల్సి ఉంది. రేషన్ కోటాల నుంచి నియోజకవర్గాల హద్దుల దాకా రానున్న పదేళ్ల లెక్కలన్నిటికీ అదే ఆధారం. గుమ్మం ముందు నిలబడి ఇంటిపేరు ఏ అక్షరాలతో రాయాలో, పుట్టిన సంవత్సరం ఎంతని వేయాలో తేల్చేది ఎన్యూమరేటరుగా వచ్చిన స్థానిక బడి ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో. అప్పటికే వారి ఫోన్‌లో మరో నాలుగు యాప్‌లు ఉంటాయి.